తవిటయ్య గది

మా అన్నయ్య మనవరాలు లిఖితకి కాశీబుగ్గలో కాలేజీ సీటొచ్చింది. హాస్టల్ చూసిపెట్టడానికి తోడు ఎవరు వెళ్ళాలన్న మాట వచ్చేసరికి ఇంట్లో అందరూ నావైపే చూశారు. అక్కడ చదువుకున్నవాణ్ణి నేనే, రిటైరై ఊరికే కూర్చున్నవాణ్ణీ నేనే. మోకాళ్ళ నొప్పులన్నాను, ఎండలన్నాను, ఎవరూ నమ్మలేదు. "తాతా, నీకు ఆ ఊరంటే భయమేమిటి?" అని పిల్ల నవ్వింది. భయమే. కాని డెబ్భైకి దగ్గరపడుతున్న మనిషి పదిహేడేళ్ళ పిల్ల ముందు ఆ మాట ఎలా ఒప్పుకుంటాడు? చేతికర్ర తీసుకుని బయల్దేరాను.

నా రోజుల్లో ఆ పేటకి పేరంటూ లేదు. 'రూములు' అనేవారు, అంతే. "ఎక్కడుంటున్నావురా?" అంటే "రూముల్లో" అని చెబితే ఊరందరికీ తెలిసిపోయేది. మొదట్లో అది ఒక జీడి బట్టీ. పిక్కలు కాల్చే పెద్ద వాకిలి, దానికి ఒక పక్క పిక్కల బస్తాలు వేసుకోవడానికి వరసగా ఎనిమిది గదులు. యజమాని పోయాక అన్నదమ్ములు పంచుకున్నారు. బట్టీ ఊరి చివరికి వెళ్ళిపోయింది, ఖాళీ గదులు ఆయన భార్య సూరమ్మకి మిగిలాయి. అప్పుడే సముద్రపు ఒడ్డు ఊళ్ళ నుంచి, కొబ్బరితోటల ఊళ్ళ నుంచి కుర్రాళ్ళు చదువులకని రావడం మొదలైంది. ఆవిడ గదులకి సున్నం కొట్టించి, తలుపులకి గడియలు పెట్టించి అద్దెకిచ్చింది. అది చూసి పక్కవాళ్ళు పశువుల సాలని గదులు చేశారు, ఆ పక్కవాళ్ళు వంటిల్లు రెండుగా చీల్చారు. రెండు మూడేళ్ళలో వీధి వీధంతా కుర్రాళ్ళే. కాని ఎన్నిసార్లు సున్నం కొట్టినా నెల తిరిగేసరికి గోడల్లోంచి మసి పైకి వచ్చేది. గోడకి వీపు ఆనించి చదివినవాడికి మసిలోని జీడి నూనె తగిలి పొక్కులొచ్చేవి. కొత్తవాణ్ణి వాడి వీపు చూసి గుర్తుపట్టేవాళ్ళం.

సూరమ్మని మామ్మా అని పిలిచేవాళ్ళం. పొద్దస్తమానం వాకిట్లో పీట మీద కూర్చుని అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని మాట్లాడుతుంటే పొగ కనిపించేది కాదు, ముఖం మాత్రం లోపలినుంచి వేడెక్కినట్టు ఎర్రగా ఉండేది. ఆవిడ ఎవరి పేరూ గుర్తుపెట్టుకోలేదు. "ఓరి మందసా, నీళ్ళు పారబోయకు." "సోంపేట గుంటా, నీకు ఉత్తరమొచ్చింది." ఇలా ఊళ్ళ పేర్లతోనే పిలిచేది. సాయంత్రమయ్యేసరికి ఎనిమిది గదుల్లో ఎనిమిది రకాల పాఠాలు పైకి చదివేవాళ్ళం. ఒక గదిలో రసాయనశాస్త్రం, పక్క గదిలో మొగలులు, ఆ పక్కన ఇంగ్లీషు. అన్నీ కలిసి వాకిట్లోకి వచ్చేసరికి ఏదో తెలియని భాషలో మంత్రాలు చదువుతున్నట్టుండేది. కంచిలి దాటి లోపలికి మా ఊరు. కాబట్టి నన్ను 'కంచిలీ' అని పిలవాలి. కాని చేరిన రోజునే మామ్మ నన్ను పైనించి కిందకి చూసి, "ఆ చివరి గదిలోకెల్లు తవిటయ్యా," అంది. పెద్దావిడ, పొరపడిందనుకున్నాను.

ఆ వీధికి ప్రాణం క్యారేజీలు. ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చే మొదటి బస్సులో అమ్మలందరూ కొడుకులకి అన్నం పంపేవారు. ఎవరి క్యారేజీకి వాళ్ళ గుర్తు ఉండేది. ఒకదానికి ఎర్రగుడ్డ, ఒకదానికి వల తాడు, ఒకదానికి గాజు ముక్క. కండక్టరు బస్సు దిగి వరసగా గోడవారన పెట్టి, పేర్లు కేకేసేవాడు. తిని, కడిగి, మళ్ళీ సాయంత్రం బస్సుకి అందివ్వాలి. కడగకుండా పంపితే తిట్లు మాత్రమే. అన్నం మిగిల్చి పంపితే మాత్రం ఊరుకునేవారు కాదు. మెతుకు కనిపించిందంటే కొడుక్కి ఏదో అయిందని అర్థం, మర్నాడు మొదటి బస్సుకి అమ్మ దిగేది. చదువురాని తల్లులకి అదే ఉత్తరం. మా ఊరు దూరం, నాకు క్యారేజీ వచ్చే వీలు లేదు. కిరసనాయిలు స్టవ్వు మీద సగం ఉడికిన అన్నం, పచ్చడీ. ఆ బాధ తెలిసినవాడు కాబట్టే నా గదిలో ఉండే మందస జగన్నాథం మొదటిరోజునే తాపీగా ఒక మాట చెప్పాడు.

"బావా, ఈ గదికో క్యారేజీ వస్తాది. తవిటయ్య అని కేకేస్తారు. నువ్వు పలికి తెచ్చుకో. తినీసి, కడిగీసి పంపీ. అంతే."

"తవిటయ్య ఎవరు?"

"ముందున్నోడు. ఇల్లు మారీసినాడు. ఆళ్ళమ్మకి తెల్దు." నవ్వి నా భుజం తట్టాడు. "నీ ముందు ఇద్దరు తిన్నారు బావా. నువ్వేటీ కొత్త కాదు. నాకు మా ఇంటి క్యారేజీ ఉంది, నేకపోతే నానే తినీసీవోణ్ణి."

పదిహేడేళ్ళ ఆకలికి న్యాయాన్యాయాలు తోచవు. కండక్టరు కేకేశాడు, పలికాను. పై గిన్నెలో నెత్తళ్ళ చేపల వేపుడు, కింద పులుసు, అడుగున తెల్లటి అన్నం. గిన్నె చెవికి నల్ల దారం చుట్టి ఉంది. మా అమ్మ క్షమించాలి, అంత రుచైన కూడు అంతకుముందు నేను తినలేదు. రోజూ పలికాను. నెల తిరిగేసరికి టీకొట్టు ఆయన తవిటయ్యా అనేవాడు, చాకలి తవిటయ్యా అనేవాడు. ఒకరోజు క్లాసులో హాజరు పిలుస్తుంటే నా పేరు వచ్చింది. పిలుస్తున్నారనే తోచలేదు. మేష్టారు మూడోసారి అరిచేదాకా ఆ పేరు గలవాడు ఎవడా అని నేనూ చుట్టూ చూశాను. పిల్లలు పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను.

మార్గశిరంలో ఒకరోజు తెల్లవారి లేచేసరికి జ్వరం. జగన్నాథం ఊరెళ్ళాడు, పక్కగదులవాళ్ళు కాలేజీకి పోయారు. నాకు ఒంట్లో బాగోలేదని మామ్మకి కూడా చెప్పలేదు. ఎలాగో గోడ పట్టుకుని వెళ్ళి క్యారేజీ తెచ్చుకున్నాను. మూత తీస్తే అన్నం లేదు, చేప లేదు. పల్చటి గంజి, మిరియాల చారు. నేను జ్వరంతో కళ్ళు తెరిచేసరికే ఆ బస్సు ఒడ్డున బయల్దేరి ఉంటుంది. సాయంత్రం కండక్టరుని అడిగాను. "నాకేటి తెల్సు బాబూ, ఇచ్చినారు, తెచ్చినాను," అన్నాడు. మర్నాడూ గంజే. జ్వరం తగ్గిన రోజున మళ్ళీ చేపల పులుసు వచ్చింది. ఇలాంటివి విని నవ్వేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ మూడు రోజులు మాత్రం నవ్వలేదు.

జగన్నాథం తిరిగొచ్చాక పట్టుకుని కూర్చోబెట్టాను. నా ముఖం చూసి వాడు నిజం చెప్పేశాడు. తవిటయ్య ఇల్లు మారలేదు. ఒడ్డు మీద ఒక పల్లెలో వేటకెళ్ళే ఇంటి పిల్లవాడు, ఆ ఇంట్లో మొదట చదువుకున్నవాడు. సెలవులకి ఇంటికెళ్ళి మేనమామతో తెప్ప మీద వేటకి పోయాడు. తెప్ప బోర్లా పడింది. మేనమామ ఈదుకుంటూ వచ్చాడు, పిల్లవాడు రాలేదు, శవమూ దొరకలేదు. అది నేను రావడానికి మూడేళ్ళ ముందు సంగతి. సెలవులు అయిపోయిన రోజునుంచి తల్లి మామూలుగా క్యారేజీ కట్టి బస్సెక్కించడం మొదలుపెట్టింది. మొదటిరోజు గదిలో ఉన్నవాడు ఏం చెయ్యాలో తెలియక తిని పంపేశాడు. ఇక అదే అలవాటైంది.

నాలుగు నెలలు ఒక చచ్చిపోయినవాడి కూడు తిన్నాను. అది నన్ను ఎంత కుదిపిందో చెప్పలేను. ఒక తల్లిని మోసం చేస్తున్నానన్న సిగ్గు ఒకవైపు, అంతకంటె ఎక్కువగా భయం. మర్నాడు క్యారేజీ మూత తియ్యలేదు. సాయంత్రం అన్నం అన్నంగానే బస్సుకి ఇచ్చేశాను. పెద్ద నిజాయితీపరుణ్ణి అనుకున్నాను.

తర్వాతి రోజు మొదటి బస్సుకి ఆవిడ దిగింది. పేరు నూకాలమ్మ. ఎండి గట్టిపడిన పొట్టి మనిషి. గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా గడప బయట కూర్చుంది.

"నిన్న కూడు తిరిగొచ్చీసింది. ఒంట్లో మళ్ళీ బాగోనేదేటి?"

నా జ్వరం సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అయినా 'మళ్ళీ' అంది. "అమ్మా, నేను తవిటయ్యను కాను," అన్నాను. "మీ అబ్బాయి పోయాడట కదా. తెలియక ఇన్నాళ్ళూ మీ అన్నం తిన్నాను. తప్పయింది."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. జాలిగా చూసింది. "నానెరగనేటి బాబూ? కన్నదాన్ని. నా కొడుకెవులో, పరాయి గుంటడెవులో నాకు తెల్దేటి?" అంది. "ఆడికి ముందు ముగ్గురు పోనారు నాకు. ఆడు పుట్టిన్నాడే సేటలో ఏసి పక్కింటిదానికి ఇచ్చీసినాను. కుంచెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నాను. అందుకే తవిటయ్య అన్నాం. సావొచ్చి సూసింది. ఇది నూకాలమ్మ బిడ్డ కాదు, తవుడుకి కొన్నదనుకుని ఎల్లిపోయింది. ఒకపాలి మోసపోయిందా, మరోపాలి మోసపోదేటి? ఎవులో ఒకలు ఆ పేరుకి పలకతన్నన్నాళ్ళు, ఆ పేరు మీద కూడు తింటన్నన్నాళ్ళు, ఆడు పోయినట్టు కాదు."

మా వైపు అలా తవిటయ్యలూ తవిటమ్మలూ ఊరికి పదిమంది ఉంటారు. ఎన్నడూ ఆ పేర్లలో నాకు వింత కనిపించలేదు. ఆ పొద్దుట గడప బయట ఆవిడ అంత మామూలుగా చెబుతుంటే, నేను ఎక్కడ కూర్చున్నానో, ఎవరి చోట కూర్చున్నానో మొదటిసారి తెలిసింది.

ఆవిడ వచ్చింది అందుకు కాదు. భర్త మూడేళ్ళుగా కొడుక్కి దినం చేసేద్దామంటున్నాడట. కూడు తిరిగి వచ్చిన నాడు చేసుకో అని ఈవిడ మాట ఇచ్చిందట. నిన్న సాయంత్రం తిరిగి వచ్చింది. "రేపు పొద్దున్న ఒడ్డుకెల్తారు. పేరెట్టి మూడుపాల్లు పిలుస్తారు. ఎవులూ పలక్కపోతే గడ్డిబొమ్మ సేసి కాల్చీస్తారు. నువ్వొచ్చి పలుకు బాబూ. నాకింకేటీ అక్కర్నేదు. ఇన్నాళ్ళు కూడెట్టినాను కదా." చెయ్యి చాపలేదు, దణ్ణం పెట్టలేదు. ఇంటి పని ఏదో పురమాయించినట్టు చెప్పి లేచింది.

"ఎల్లకు బావా," అన్నాడు జగన్నాథం. కాని తిన్న అన్నం ఊరుకోనివ్వలేదు. వెళ్తాను, నిలబడతాను, నోరు మాత్రం విప్పను అని గట్టిగా అనుకున్నాను. అబద్ధం ఇంతటితో ఆగిపోతుంది, ఆ పిల్లవాడికి జరగాల్సింది జరుగుతుంది. ఆ రోజుల్లో నాకు అంతా అంత తేలిగ్గా తోచేది.

ఆ తర్వాత జరిగింది రాసే ముందు ఇప్పటి వీధి సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే లిఖిత ఒప్పుకోదు. ఇప్పుడక్కడ అయిదంతస్తుల హాస్టళ్ళు, గోడల నిండా ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు, సందుకో కర్రీ పాయింటు, జెరాక్సు షాపులు. మా గదుల వరస ఉన్నచోట నీళ్ళ డబ్బాలు నింపే ప్లాంటు. హాస్టల్ గుమ్మంలో వేలు పెడితే పిల్ల లోపలికి వచ్చినట్టు తండ్రి ఫోనుకి కబురు పోతుందట. వార్డెను గర్వంగా చూపించింది. తిన్నదీ లేనిదీ కూడా కబురు పోతుందా అని అడిగాను. అర్థం కానట్టు చూసింది. గదులు శుభ్రంగా ఉన్నాయి, గాలి వస్తోంది, గోడలకి ఆనుకుంటే పొక్కులు రావు. నా కాలమే గొప్పదని నేననను. కిరసనాయిలు కోసం చెప్పులు అరిగేలా తిరిగి అన్నం వండుకున్నవాణ్ణి ఆ మాట అనను. కాని ఎవరూ పైకి చదవడం లేదు. అంతమంది పిల్లలు చెవుల్లో ఏవో పెట్టుకుని పెదాలు కదపకుండా కూర్చున్నారు. వీధి నిశ్శబ్దంగా ఉంది. నాకు అది నచ్చలేదు.

నూకాలమ్మ వచ్చి వెళ్ళిన మర్నాడు పొద్దున నేను వాళ్ళ పల్లె దగ్గర బస్సు దిగేసరికి ఆవిడ రోడ్డు మీదే ఉంది. జీడితోటల వెనకనుంచి ఎవరికంటా పడకుండా నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళి, వలలు పెట్టుకునే పాకలో నిలబెట్టి తడిక దగ్గరకి లాగింది. సందుల్లోంచి అంతా కనిపిస్తోంది. మబ్బు లేని ఎండ. తెప్పలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి, ఆ రోజు వేటకి ఎవరూ పోలేదు. నీళ్ళకి ఎదురుగా మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. ముందు నిలబడిన సన్నటి మనిషి తండ్రి అని చెప్పకుండానే తెలిసింది. పక్కన పెద్దాయన చేతులు దోసిలిగా నోటి దగ్గర పెట్టుకుని సముద్రం వైపు పిలిచాడు. "తవిటయ్యా!" ఎవరూ కదల్లేదు. నేను పళ్ళు బిగించాను. రెండోసారి పిలిచాడు. ఆడవాళ్ళలో ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. తండ్రి వంగి గడ్డికట్ట చేతిలోకి తీసుకున్నాడు. పెద్దాయన మూడోసారి పిలిచాడు.

"వత్తన్నానయ్యా!"

పాకలోనించే వచ్చింది. ఒడ్డువాళ్ళ యాసలో, నేను జన్మలో మాట్లాడని యాసలో, బొంగురు గొంతుతో. నోరు విప్పిన గుర్తు నాకు లేదు. నాలుక మీద ఉప్పు తగిలిన గుర్తు మాత్రం ఉంది. జనం ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. ఏడుపు ఆగిపోయింది. "అదిగో, ఆడే. ఇన్నారా?" అంటూ నూకాలమ్మ నవ్వుతోంది. పెద్దాయన తలపాగా విప్పేసి, "పలికినాడు. ఇంక సెయ్యకూడదు," అన్నాడు. పరీక్షలున్నాయని, బస్సు అందుకోవాలని, ఆడు ఆగడని ఆవిడ అందరినీ ఇళ్ళవైపు మళ్ళించింది.

అందరూ వెళ్ళాక తండ్రి పాకలోకి వచ్చాడు. గడ్డికట్ట ఇంకా చేతిలోనే ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కోప్పడితే బాగుండును, కొట్టినా బాగుండును. నా ఎదురుగా వలల మీద కూర్చున్నాడు.

"మూడేళ్ళయింది బాబూ. ఇంట్లో ఏడిస్తే అదొప్పుకోదు. ఊళ్ళో ఏడిస్తే బతికున్నోడికి ఏడుస్తావేటంటారు. ఇయ్యాల ఏడుద్దామనొచ్చినాను," అన్నాడు. "మరింక నన్నెప్పుడేడవమంటావు?"

నేను పాక బయటికి నడిచాను. రోడ్డెక్కి, వచ్చిన బస్సెక్కేశాను. నెల తిరక్కుండా గది ఖాళీ చేసి పలాస వైపు వేరే వీధిలో చేరాను. నా చోటులోకి ఒక సన్నటి కుర్రాడు వచ్చాడు. "తవిటయ్య ఎవరు?" అని అడిగాడు. ఇల్లు మారాడని చెప్పాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కాని చెప్పింది అదే.

ఇన్నేళ్ళలో ఎవరికీ ఇది చెప్పలేదు. లిఖితకి హాస్టల్ కుదిరాక స్టేషనుకి ఆటో ఎక్కాం. అద్దం పైన నూకాలమ్మవాళ్ళ పల్లె పేరు రాసి ఉంది. డ్రైవరుకి నలభై అయిదేళ్ళుంటాయి. ఊరుకోవాల్సింది. ఊరుకోలేక, మీ ఊళ్ళో నూకాలమ్మ అని ఒకావిడ ఉండాలే అన్నాను.

"తవిటిగాడి తల్లా? పోయి సాన్నాళ్ళయింది బాబూ. ముందు ఆళ్ళాయన పోనాడు. నాను సిన్నగుంటణ్ణి, నాకు గేపకమే. కొడుకొస్తాడని పొద్దుట్నుంచి సందేల దాకా శవాన్నుంచీసినారు. రానేదు. సివరికి ఎవులో వరసైనోడు తలకొరివి పెట్టినాడు. ఊరు ఊరంతా ఆడ్ని తిట్టింది. ఇప్పటికీ మా ఊళ్ళో తల్లిదండ్రుల్ని సూడనోణ్ణి తవిటిగాడంటారు. సదివించిన తండ్రి మొకం సూడ్డానికి రాని కొడుకు ఉంటే ఏటి, నేకపోతే ఏటి?"

పద్దెనిమిదేళ్ళకి సముద్రంలో పోయిన పిల్లవాడు. చదువుకోవడం తప్ప ఏ పాపం ఎరగనివాడు. వాడి పేరు ఇన్నేళ్ళుగా తిట్టు అయింది, నేను పలకబట్టి.

"అలా అనకయ్యా," అన్నాను. "వాడు రాలేకపోయాడు. అప్పటికే పోయాడు. నేను ఈ ఊళ్ళో అడుగుపెట్టక ముందే సముద్రంలో పోయాడు. నాకు తెలుసు. మీ ఊళ్ళో చెప్పు. ఇప్పుడైనా దినం చెయ్యమను."

ఆటో పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరిగి నన్నూ లిఖితనీ మార్చి మార్చి చూశాడు.

"అదెలగ బాబూ? మా మామ్మ ఆ రోజు ఒడ్డునుంది. మూడోపాలి పిలిస్తే పలికినాడు. గొంతు ఆడిదేనని మేనమావే సెప్పినాడట, తెప్ప మీద ఆడితో కూడా ఎల్లినోడు. పోయినోడైతే మరారోజు పలికినోడెవులు?"

లిఖిత నా వైపు చూస్తోంది. నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. మాట కంటె ముందు నాలుక మీద ఉప్పు తగిలింది.